కోడలి బోర్డులో పట్టిన ప్రాసెసర్

నేను టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో రిటైరైన మరుసటి ఏడు, మా కోడలు తిరుపతిలో ఆపేసిన ఎంటెక్ మళ్లీ మొదలుపెట్టింది. కాన్పు కోసం మధ్యలో మానేసిన చదువు అది. ఈసారి ప్రాజెక్టు పూర్తి కాకపోతే ఇక చదువు జోలికి పోనని తనే అంది. కోపంతో కాదు, అలసిపోయి అంది. మా చెల్లెలి కూతురే కోడలైంది కాబట్టి నా దగ్గర ఆమెకు దాపరికం లేదు.

పాల శీతలీకరణ కేంద్రానికి పనికొచ్చే పరికరం చేయాలి. పాలు వేడెక్కితే గంట మోగాలి. కాలేజీ ఇచ్చిన బోర్డు మీద ఒక చిప్పుంది. అది ఖాళీ పలక లాంటిది, మనం ఏ సర్క్యూట్ రాస్తే అదే అవుతుంది. దానిలో చిన్న ప్రాసెసర్‌ను కూర్చోబెట్టాలి. అలాంటి ప్రాసెసర్ల డిజైన్లు సరదాకు రాసి, ఎవరైనా వాడుకోండని నెట్‌లో పెట్టేవాళ్లు అప్పటికే చాలామంది ఉన్నారు. ఆమె నెట్ సెంటర్‌లో మూడింటిని సీడీ మీద ఎక్కించుకొచ్చింది.

"ఏది మంచిదో నువ్వే సూసి చెప్పు మామా. నాకు పాపతోనే సరిపోతా ఉండాది."

నాకు అంతకంటే ఏం కావాలి? డైరీలో గళ్లు గీసి కూర్చున్నాను. మొదటిది పెద్దది, దానికి సి భాషలో ప్రోగ్రాం రాసుకోవచ్చు. రెండోది మా ఎక్స్ఛేంజిలో నేను చూసిన పాత ప్రాసెసర్‌కు నకలు, అందుకని దాని మీద కాస్త మమకారం. మూడోది మరీ చిన్నది. సి లేదు, ఒక్కో ఆదేశం అసెంబ్లీ భాషలో రాసుకోవాలి. అయితే దాన్ని తయారుచేసినాయన ప్రతి భాగం ఎందుకుందో ఎంతో ఓపికగా వివరించాడు. చిప్పంతా చిన్న చిన్న గడులే; తమ ప్రాసెసర్‌కు ఎన్ని గడులు కావాలో ఎవరి లెక్క వాళ్లు రాసి ఉంచారు. ఆ అంకెలు చూసి మొదటిది పడుతుందని తేల్చాను.

ఆమె నా డైరీలోని గళ్లను చాలాసేపు చూసింది. "మామా, ఇది వేరే కంపెనీ చిప్పు మీద కొలిచినారు. వాళ్ల గడి పెద్దది, మనది చిన్నది."

మా చిన్నప్పుడు పక్కపక్క ఊళ్లలోనే పడి కొలత వేరుగా ఉండేది. వడ్లు కొలిచే ముందు మా నాయన "ఎవురి పడి?" అని అడిగేవాడు. నాకు ఆ మాట అడగాలని తట్టలేదు.

దాంతో మూడింటినీ మా చిప్పుకే సరిపెట్టి చూశాం. కంప్యూటర్ నెమ్మదిగా లెక్క వేసేది, మధ్యలో కరెంటు పోతే మళ్లీ మొదటికొచ్చేది. పాపను ఒళ్లో వేసుకుని ఆమె తెర వైపే చూసేది. మొదటిది పట్టలేదు. రెండోది పట్టింది గానీ ఉష్ణోగ్రత చదివే భాగానికి చోటు మిగల్లేదు. మూడోది కూర్చున్నాక సగం చిప్పు ఖాళీగానే ఉంది.

ఆమె ముఖం వాడిపోయింది. "అయిపోయింది మామా. అసెంబ్లీ నాకు యాడొస్తాది? అంతా మర్చిపోయినాను."

"నన్ను రాసిమ్మంటావా?"

"నువ్వు రాస్తే అది నీ ప్రాజెక్టు అవుతాది."

"అట్లయితే నువ్వు రాయి. పాపను నేనెత్తుకుంటా."

వంటింట్లోంచి నా భార్య అందుకుంది. "విన్నావామే? కన్నబిడ్డను ఒక్కనాడూ ఎత్తుకోలేదు ఈయప్ప. ఇప్పుడు కంప్యూటర్ పుణ్యమా అని ఎత్తుకుంటాడంట!"

ఎత్తుకున్నాను. పాప నా కళ్లద్దాలు లాగుతుంటే, ఆమె ఒక్కో ఆదేశం రాసి, కొట్టేసి, మళ్లీ రాసేది. అడిగితేనే చెప్పేవాణ్ణి. రానురాను అడగడం తగ్గింది.

ఒక ఆదివారం సాయంత్రం, పాకాల రైల్వేలో పనిచేసే మా అబ్బాయి కూడా ఇంట్లోనే ఉన్నాడు. కోడలు వేడినీళ్ల గ్లాసులో సెన్సర్ ముంచింది. గంట మోగింది. ఆ మోతకు పాప ఉలిక్కిపడి లేచి ఏడుపందుకుంది. కోడలు లేవబోయేలోగా మా అబ్బాయి బిడ్డను భుజాన వేసుకున్నాడు.

"ఏడవద్దు నాయనా, మీయమ్మకు పనుండాది" అంటూ వాకిట్లోకి తీసుకుపోయాడు.

ఆమె మళ్లీ కూర్చుని, గంటను ఆపే ఆదేశం రాయసాగింది.