చావో అంటే చిక్కినట్టే

బోర్తోలో మేస్త్రీకి ఎవరైనా "చావో" అంటే, ఆ మనిషి చేత గంటసేపు పని చేయించుకోకుండా వదిలేవాడు కాదు. వెనిస్‌లో పలకరింపుకి వచ్చేటప్పుడూ చావోయే, వెళ్ళేటప్పుడూ చావోయే. అందువల్ల మేం పడవలు బాగుచేసే పాక మీదుగా నడిచి, చేతికి తారు అంటకుండా ఇల్లు చేరినవాడు లేడు.

ఉత్తరాలు పంచే ఎర్మెస్ ఒక పొద్దున సంచీతో వచ్చి, "చావో, మేస్త్రీ!" అన్నాడు.

"ఏమన్నావు?"

"చావో అన్నాను."

"ఎక్కడిదో తెలుసా ఆ మాట? మన తాతల నాటి 'స్చావో'. అంటే 'మీ దాసుణ్ణి' అని. స్లావు జాతివాళ్ళని పట్టి తెచ్చి అమ్ముకున్న రోజుల్లో పుట్టింది. నీ నోటితో నువ్వే దాసుణ్ణన్నావు. ఈ చెక్క పలక పట్టుకుని వెనక కొట్టంలోకి నడు."

"ఏదో మర్యాదకి అన్నాను!"

"అయితే మర్యాదగా పట్టుకో."

గంట తర్వాత ఎర్మెస్ చెమట తుడుచుకుంటూ, "ఇక వెళ్తా, చావో" అన్నాడు. మేస్త్రీ అతని చేతికి సుత్తి ఇచ్చాడు.

ఫాదర్ చెల్సోని కూడా వదల్లేదు.

"నేను దేవుడికి దాసుణ్ణయ్యా, నీకు కాదు!"

"ఇద్దరికీ మాటిచ్చారుగా ఫాదర్. ఆయన ఆదివారం వాడుకుంటాడు, నేను మంగళవారం."

నాకు ఒళ్ళు మండేది. పన్నెండేళ్ళు వేళ్ళు చితగ్గొట్టుకుని నేర్చుకున్న పని ఇది. దాన్ని దారినపోయే వాళ్ళతో చేయిస్తే ఎలా? "మాటల పురాణం చదువుకున్నవాళ్ళకి వదిలెయ్ మేస్త్రీ" అంటే, "మాటా కొయ్యలాంటిదేరా. ఏ చెట్టుదో తెలియకుండా వాడకూడదు" అనేవాడు. కొట్టంలో ఏం చేయిస్తున్నాడో చూసే తీరిక నాకు లేదు. ముందు పాకలో పదకొండు పడవలు వరసలో ఉన్నాయి.

పన్నెండోది ఒనొరీనాది. సాంత్ ఎరాస్మో దీవిలో, మొగుడు పోయాక తోట ఒక్కతే చూసుకుంటోంది. ఆ మార్చిలో ఆమె పడవ అడుగు కుళ్ళిపోయింది. ఏప్రిల్ చివర్లో కూరొండుకునే తొలి ఆర్టిచోక్ మొగ్గలు కోతకొస్తాయి. పడవ లేకపోతే రియాల్టో సంతకి చేరవు, తోటలోనే ముదిరిపోతాయి. ఏడాది కష్టం మట్టిపాలే.

"ముందు మీదే చేస్తామమ్మా" అన్నాను.

భగ్గుమంది. "ఇంకొకరి వంతు తినే ఇల్లు కాదు మాది. ఎవరి ఉపకారమూ నాకొద్దు. వరసలో పెట్టు!"

వరస ప్రకారం ఆమె వంతు జూన్‌లో. మేస్త్రీ ఆ పడవని కొట్టంలో పెట్టించాడు.

ఏప్రిల్ మూడోవారంలో ఒకరోజు నన్ను కేకేశాడు. "రా, పడవ తిరగెయ్యాలి."

కొట్టంలోకి వెళ్తే ఎర్మెస్, ఫాదర్, ఇంకో ఆరుగురు ఒనొరీనా పడవ చుట్టూ నిలబడి ఉన్నారు. అడుగున కొత్త పలకలు. సందుల్లో నార గట్టిగా కూరి, పైన తారు పూశారు. ఒక్కో సందు మీదా వేలు పెట్టి చూశాను. మేస్త్రీ పక్కన నిలబడి మళ్ళీ మళ్ళీ విప్పించి చేయించి ఉండాలి. పని బాగుంది. ఆ మాట పైకి అనడానికి నాకు సాయంత్రం దాకా పట్టింది.

కబురు అందుకుని వచ్చిన ఒనొరీనా నడుం మీద చేతులు పెట్టుకుంది.

"నా వంతు జూన్‌లో కదా?"

"జూన్‌లోనే. వరసలో ఉన్న పడవ ఏదీ ఒక్క పూట కూడా ఆగలేదు, వీణ్ణడుగు" అని మేస్త్రీ నన్ను చూపించాడు.

"మరి ఇదెవరు చేశారు?"

"దాసులు. దాసుడు చేసింది ఉపకారం ఎలా అవుతుందమ్మా?"

ఆవిడ పడవ చుట్టూ తిరిగి, పలకలన్నీ తడిమి, ఒకచోట ఆగింది.

"ఈ మేకు వంకరగా కొట్టిందెవరు?"

"ఫాదర్ చెల్సో."

నేను సిగ్గుపడి పట్టకారు అందుకున్నాను. ఆవిడ నా చెయ్యి పక్కకి నెట్టేసింది.

"ముట్టుకోకు నాయనా! పాపం, జన్మలో ఒక్క మేకు కొట్టాడు. దాన్నీ పీకేస్తావా?" అంటూ పడవెక్కి తెడ్డు అందుకుంది.