బొమ్మ సిపాయిలకు ప్లే డే

ఆ సమ్మె దాకా మా బాపుతో మొదలుపెట్టిన ఏ ఆటనూ నేను చివరిదాకా ఆడలేదు. సరిగ్గా నేను గెలిచే వేళకే ఆయనకు బాయికి, అంటే బొగ్గు గనికి, పోయే టైమయ్యేది. నైటు షిఫ్టు వారమైతే పగలంతా నిద్ర, మేం గుసగుసలతో కాలం వెళ్లదీసేవాళ్లం. అందుకే తెలంగాణ కోసం సమ్మె మొదలై గోదావరిఖనిలో గనులు ఆగినప్పుడు, పెద్దవాళ్లంతా ఫికర్ పడుతుంటే నాకు లోపల్లోపల పండగే. ఈసారి ఒక్క ఆటైనా పూర్తి చేయాలని పంతం పట్టాను.

అప్పుడు ఆడిన ఆటను అన్న హైదరాబాద్ హాస్టల్లో నేర్చుకొచ్చాడు. బొమ్మ సిపాయిలతో గచ్చు మీద యుద్ధం. ఒక్కో దళానికి ఒక్కో కార్డు: ఎంత దూరం నడుస్తుంది, ఎంత గట్టిగా కొడుతుంది, ఎన్ని దెబ్బలు ఓర్చుకుంటుంది, ఎప్పుడు బెదిరి పారిపోతుంది. అన్నీ అంకెలే. పాత పెళ్లిపత్రికలు కత్తిరించి వెనకవైపు రాసుకున్నాం. సిపాయిలు జాతరలో కొన్నవి. దూరం కొలవడానికి అమ్మ కుట్టుమిషను టేపు, దెబ్బ తగిలిందో లేదో తేల్చడానికి పాచిక.

ఖాళీగా కూర్చోలేక అటూ ఇటూ తిరుగుతున్న బాపు వచ్చి ఒక కార్డు అందుకున్నాడు.

"అన్నీ రాసిన్రు గని, వీనికి రెస్టు ఎప్పుడు?"

"యుద్ధంల రెస్టేంది బాపు?" అన్న నవ్వాడు.

"పనన్నంక షిఫ్టు ఉండాలె. అది రాస్తెనే ఆడుత."

ఇంకేం చేస్తాం! ప్రతి కార్డు మీదా షిఫ్టు అని ఒక గడి గీశాం. ఒక దఫా కొట్లాడినవాడు మరుసటి దఫా కదలకూడదు. ఆ విరామానికి బాపు, గనిలో వారపు సెలవుకున్న పేరే పెట్టాడు, ప్లే డే అని. ఓసారి రెండు సైన్యాలూ ఒకేసారి ప్లే డేలో పడ్డాయి. తీర్పరి అయిన అన్న తల పట్టుకుంటే, బాపు హాయిగా చాయ్ అడిగాడు.

ఆట రోజుల తరబడి సాగింది. చివరికి ఒక సాయంత్రం బాపు సైన్యంలో రాజు ఒక్కడే మిగిలాడు. ఎదురుగా నా గుర్రపు రౌతు. కానీ వాడికి ప్లే డే! సరిగ్గా అప్పుడే పక్క క్వార్టర్‌లో ఉండే కాక గుమ్మంలోంచి కేకేశాడు.

"సమ్మె ఆగిందే! పొద్దుగాల ఫస్టు షిఫ్టుకు పోవాలె!"

అమ్మ టిఫిన్ గిన్నె కడగడానికి తీసింది. బాపు లేచాడు. నాకు ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది. కార్డులన్నీ దబదబా కుప్పచేయబోయాను.

"ఆగు బిడ్డా," అంటూ బాపు మళ్లీ కూర్చున్నాడు. "నీ గుర్రపోన్ని ప్లే డే డ్యూటీకి పిలువు."

"రూలు ఒప్పుకోదు," అన్నాడు అన్న.

"మా బాయిల ఒప్పుకుంటది. సెలవునాడు పనికొస్తె డబుల్ మస్టర్. రెండు దినాల హాజరు రా!"

పాచిక వేశాను. ఆరు పడింది. రాజు కూలిపోయాడు. నేను ఇల్లంతా గెంతుతుంటే, ఓడిన బాపు నాకన్నా గట్టిగా చప్పట్లు కొట్టాడు.

తెల్లారి లేచేసరికి ఆయన వెళ్లిపోయాడు. నా రౌతు కార్డు మీద షిఫ్టు గడిలో వంకర అక్షరాలు: ప్లే డే డ్యూటీ, డబుల్ మస్టర్. తర్వాత ఎన్నో ఆటలు మొదలుపెట్టాం. బాపుతో నేను పూర్తి చేసింది మాత్రం అదొక్కటే.