నాలుగు ముడులు

ఒట్టు పెట్టమంటే పెడతాను. ఆ రాత్రి నేను తాగలేదు. జ్వరం లేదు. టైము ఏడూ నలభై. ఇవన్నీ ఎందుకంటే... తర్వాతి సంగతి వింటే మీరు ముందు నన్నే అనుమానిస్తారు.

వల్లూరు దగ్గర సోలార్ పార్కులో ఇన్వర్టర్లు చూసే ఇంజనీరుని నేను. మా గేటు కాపలా ఓబళేశుది నాయకుల హట్టి అనే చిన్న పల్లె. అతని తమ్ముడు తిప్పేశుకు ఆ నెలలో మతి చెదిరింది. ప్యానెళ్లన్నీ తననే చూస్తున్నాయని అరిచేవాడు. ముందురోజు రాయితో తల్లి తల పగలగొట్టాడు. పావగడ ఆసుపత్రికి తీసుకెళ్దామని నేను జీపు తెచ్చాను.

హట్టిలో ఒక పద్ధతి ఉంది. సామి రాతిమీద అంటించిన పూవు కుడివైపు రాలితేనే రోగిని బయటికి పంపుతారు. అప్పటిదాకా ఒంట్లో చేరినదాన్ని కొట్టి పలికించాలి.

తిప్పేశును సామి రాతి ఎదుట గుంజకు కట్టారు. నాలుగు ముడులు. లెక్కపెట్టాను. వాళ్ల మేనమామే పూజారి. చింతబరికె తీశాడు.

చట్... చట్...

వీపు చిట్లింది. నెత్తురు నడుముదాకా జారింది. తిప్పేశు ఏడవలేదు. నవ్వాడు.

చచ్చిపోతాడు, ఆపమన్నాను.

"నువ్వు మిషన్లు చూసుకోప్పా. ఈడ సామి చూసుకుంటాడు" అన్నాడు పూజారి. ఆయన కళ్లనిండా నీళ్లు. కొడుతున్నది అక్క కొడుకునే మరి.

పూవు కదల్లేదు.

బరికె లాక్కుందామని ముందుకెళ్లాను. సామి ముందున్న ఒక్క దీపం ఆరిపోయింది. గాలి లేదు... అది బాగా గుర్తు.

వెనకనుంచి రెండు చేతులు నా గొంతు పట్టుకున్నాయి. చల్లగా... తడిగా... ఒక్కో వేలూ విడిగా బిగుసుకుంది. మోచేత్తో వెనక్కి బలంగా పొడిచాను. తగలడానికి అక్కడ ఒళ్లు లేదు.

ఓబళేశు ఫోన్ లైటు వేశాడు. చేతులు వదిలేశాయి. మోకాళ్లమీద పడ్డాను.

తిప్పేశు పది అడుగుల దూరంలో... గుంజకే ఉన్నాడు. ముడులన్నీ అలాగే. తల వాల్చి నిద్రపోతున్నాడు.

పూవు కుడివైపు రాలి ఉంది.

పూజారి బరికె పారేశాడు. "సామి పంపించినాడు. బిరీన తీసుకపోండప్పా."

ఆసుపత్రిలో ఇంజెక్షన్ ఇచ్చారు. వీపుకు కుట్లు వేశారు. డాక్టరు నా మెడమీది వేళ్ల గుర్తులు చూసి, మిమ్మల్నీ ఇతనే పట్టుకున్నాడా అని అడిగాడు. నేను నోరు తెరిచేలోగా ఓబళేశు అవునన్నాడు.

తిప్పేశు ఇప్పుడు రోజూ మాత్రలు వేసుకుంటాడు. ప్యానెళ్లు కడిగే పనికి వస్తున్నాడు. మాత్రలే నయం చేశాయంటాడు డాక్టరు. సామి వదిలించాడంటాడు మేనమామ. వాళ్లమ్మ ఇద్దరికీ దండం పెడుతుంది.

నేను మాత్రం గోడకు వీపు ఆనించి కూర్చునే తెల్లవారుస్తున్నాను. చీకట్లో ఎవరో మనిషే పట్టుకుని ఉండొచ్చు... మరి నా మోచేయి ఎవరికీ తగల్లేదేం?

నిన్న గేటు దగ్గర ఓబళేశు నా మొహం చూసి మెల్లగా అడిగాడు.

"నిన్ను యాడికి తీసుకపోవల్ల సార్? డాక్టరు తావకా, సామి తావకా?"