ఆవులు క్షేమమా

కెన్యా సరిహద్దున ఆవుల్ని మేపుకుని బతికే బొరానా వాళ్ల పలకరింపు ఒక పట్టాన తెమలదు. నువ్వు క్షేమమా, పిల్లలు క్షేమమా, ఆవులు క్షేమమా, గడ్డి క్షేమమా, బావి క్షేమమా అని ఒక్కొక్కటే అడగాలి. అవతలివాడు అన్నిటికీ క్షేమం అనాలి. కొంప మునిగినా సరే, ముందు క్షేమం అనేసి, కూర్చున్నాక అసలు సంగతి విప్పాలి. అది మర్యాద.

దుబ్లుక్‌లో కరువు బాధితుల గుడారాలకు చేరాక, గల్గాలో అనే పశువుల కాపరిని అలా అడిగే నాథుడే లేడు. వానలు వరసగా మొహం చాటేస్తే అతని మందంతా కళ్లముందే కూలిపోయింది. భార్య అంతకుముందే పోయింది. కూతుళ్లు మొగుళ్ల వెంట సరిహద్దు దాటి కెన్యా వైపు వెళ్లిపోయారు. గుడారాల్లో అందరిదీ అదే గోడు కాబట్టి, "నువ్వు క్షేమమా?" అని అక్కడితో ఆపేసేవారు. పుండు మీద కారం చల్లడం ఎందుకని వాళ్ల జాలి. ఆ జాలిని తగలెయ్య! ఆవుల ఊసెత్తకుండా పలకరిస్తే అతనికి బతికుండగానే తనని లెక్కలోంచి తీసేసినట్టుండేది.

ఇక మిగిలింది ఒకే ఆశ. మంద పోయినవాడికి వంశంలో పశువులున్నవాళ్లు ఒక పశువుని ఇవ్వాలన్నది బొరానా కట్టుబాటు. ఈసారి వానలు పడ్డాయి, ఆ పంపకానికి వంశమంతా ఒకచోట కూర్చోబోతోంది. ఒక్క పెయ్య దొరికితే చాలు, గుడారం పీకి ఊరికి పోవచ్చు.

ఈలోగా ఒక మధ్యాహ్నం లారీలు ఆగేచోట టీ కొట్లో జిలో అనే పొరుగూరివాడు తగిలాడు. ఒకే వంశం. గల్గాలో సంగతి తెలీదు కాబట్టి వరస తప్పకుండా అడిగాడు. "ఆవులు క్షేమమా?"

"క్షేమం" అన్నాడు గల్గాలో. అక్కడిదాకా మర్యాదే.

"ఈ కరువులోనా! అదృష్టవంతుడివన్నా. ఏం మిగిలాయేంటి?"

కూర్చున్నారు, నిజం చెప్పే వేళ అదే. గల్గాలో నోరు మాత్రం ఇంకో దారి పట్టింది.

"మగాల ఉందిగా, ఎర్రావు. మొన్ననే ఈనింది. దూడకీ నుదుట అదే తెల్లచుక్క. పాలంటావా, గిన్నె పెడితే పొంగాల్సిందే!"

చచ్చినవాడి కళ్లు చారెడంటారు. చచ్చిన మగాల పాలకి ఆ రోజు కొలతే లేదు. టీ చల్లారిపోయినా అతను చెబుతూనే ఉన్నాడు. గుడారానికి వచ్చి పడుకున్నాక మాత్రం ఏడ్చాడు.

వంశం కూర్చున్న రోజు వంశపెద్ద లిబన్ పక్కనే జిలో కనబడ్డాడు.

"గల్గాలో, ఎర్రావు ఈనిందటగా, జిలో చెప్పాడు. చల్లని కబురు" అన్నాడు లిబన్. అందరి ముందూ వరసగా అడిగాడు. "పిల్లలు క్షేమమా? ఆవులు క్షేమమా?"

జనమంతా ఇటు తిరిగారు. లేవు అంటే పెయ్య వస్తుంది, దాంతోపాటు అబద్ధాలకోరన్న పేరూ వస్తుంది. అయినా అతన్ని ఆపింది ఆ భయం కాదు. ఇంతమందిలో ఆవులున్నవాడిలా నిలబడ్డాడు, ఆ నిలబడటాన్ని వదులుకోలేకపోయాడు.

"క్షేమం" అన్నాడు.

పెయ్య ఖబాలెకి వెళ్లింది. పక్క గుడారంలో ఉండే విధవ. తిరుగుదారిలో పెయ్యని తోలుకుంటూ ఆమె చాలాసేపు ఓర్చుకుంది, చివరికి ఉండబట్టలేక అడిగేసింది.

"నీకేమైనా పిచ్చా అన్నా? ఎక్కడుంది నీ మగాల? నువ్వే కదా తోలు ఒలిచి అమ్ముకున్నావు! అడ్డం పడదామంటే నీ మొహం చూసి నోరు రాలేదు."

"ఆవులు క్షేమమా అని ఎవరూ అడగట్లేదు చెల్లీ" అన్నాడు గల్గాలో. "జిలో అడిగాడు."

పెయ్య వెనక ఇద్దరూ నడిచారు.

తెల్లారి ఆమె అతని గుడారం ముందుకొచ్చి నిలబడింది. లోపలికి తొంగిచూడలేదు, తొందరపడలేదు.

"నువ్వు క్షేమమా అన్నా?"

"క్షేమం."

"పిల్లలు క్షేమమా?"

"క్షేమం."

"ఆవులు క్షేమమా?"

అన్నీ తెలిసిన మనిషి అడుగుతోంది. గల్గాలో గుడ్డ పక్కకి తీసి బయటికొచ్చాడు. ఈసారి మర్యాద మాట పక్కనబెట్టాడు.

"ఆవులు లేవు చెల్లీ" అన్నాడు. "ఒక్కటీ మిగల్లేదు."