ఒళ్ళు బాగున్న రోజు

కరెంటు స్తంభం మీదే పుట్టాడా అన్నంత సులువుగా ఎక్కేవాడని తోటి లైన్‌మెన్‌లు అతనికి ఉడత అని పేరు పెట్టారు. అలాంటివాడికి చెవి లోపల ఏదో జబ్బు చేసింది. చెప్పాపెట్టకుండా లోకమంతా గిర్రున తిరిగేది. ఒకరోజు స్తంభం మీదుండగానే తిరిగింది. నడుముకు బెల్టు ఉండబట్టి ప్రాణం దక్కింది గానీ, ఉద్యోగం పోయింది.

పైకి చూస్తే కాలూ చెయ్యీ నిక్షేపంగా ఉన్నాయి. అదే చిక్కు. వికలాంగుల పింఛనుకు అర్జీ పెట్టుకుంటే, డాక్టర్ల బోర్డు పిలిచేదాకా ఆగమన్నారు. ఆగడం ఉడతకు చేతకాని పని. గోడ పట్టుకుని వంటింటికీ వాకిలికీ మధ్య కాలుగాలిన పిల్లిలా తిరుగుతూనే ఉండేవాడు.

"కాసేపు ఒకచోట కూర్చోవయ్యా, నిన్ను చూస్తుంటే నాకు తల తిరుగుతోంది," అనేసి, ఆ వెంటనే నాలిక్కరుచుకునేది భార్య. ఆమె లాండ్రీలో ఇస్త్రీ చేసేది. ఆ సంపాదన అద్దెకే సరిపోయేది.

అర్జీ తేలేదాకా మందులూ సరుకులూ ఇచ్చే సాయం కేంద్రం ఒకటుందని ఆమే కనుక్కొచ్చింది. బస్టాండు వెనక పాత గోడౌను. ఒక బల్ల మీద మందులు, ఇంకో బల్ల మీద బియ్యం, పప్పు, నూనె. ఉడత వరసలో నిలబడగానే, ముందున్న చంకకర్రల పెద్దాయన వెనక్కి తిరిగి ఎగాదిగా చూశాడు.

"ఎవరికోసం వచ్చావు బాబూ?"

"మా... మా అన్నకి," అనేశాడు ఉడత. లేని అన్నను పుట్టించిన సిగ్గుతో చెమటలు పట్టి, ఖాళీ సంచితో ఇంటికొచ్చేశాడు.

మర్నాడు భార్య పని మానుకుని వెంట బయల్దేరింది. అదే పెద్దాయన ఎదురయ్యాడు.

"మీ అన్నకెలా ఉంది?"

"ఈయనకి అన్నెవరు?" అంది ఆమె. "జబ్బు ఈయనకే. చెవిలో."

ఉడత తల దించుకున్నాడు. పెద్దాయన పక్కకి జరిగాడు. "కనపడని రోగమా? నాకే నయం, అడిగినవాళ్ళకి ఈ కర్రలే చెప్పేస్తాయి. నువ్వు ముందుకి రా."

ఆ మందులూ ఆ బియ్యంతోనే రోజులు గడిచాయి. చివరికి బోర్డు పిలిచింది. ఆ పొద్దున ఉడత లేచి నిలబడితే ఏదీ తిరగలేదు.

"ఇవాళే బాగుండాలా నాకు!"

బస్సులో ఒకటే ఆలోచన. కావాలని తూలితే? పడిపోతే? ఆస్పత్రి వరండాలో ఎవరూ లేనప్పుడు ఒకసారి తూలి చూశాడు కూడా. తన మీద తనకే అసహ్యమేసింది.

డాక్టరు ఎలా ఉందని అడిగాడు. భార్య వెనకనుంచి గిల్లింది.

"ఇవాళ బాగానే ఉంది సార్. మొన్న మాత్రం బాత్రూములోంచి పాక్కుంటూ బయటికొచ్చాను."

డాక్టరు అతన్ని బల్ల మీద కూర్చోబెట్టి, తల ఒకపక్కకి తిప్పి పట్టుకుని, ఒక్క ఊపున వెనక్కి పడుకోబెట్టాడు. ఫ్యానూ కిటికీ డాక్టరు కళ్ళజోడూ కలిసి సుడి తిరిగాయి. ఉడత ఆయన చేయి పట్టుకుని, తెల్ల కోటు మీదే భళ్ళున కక్కేశాడు.

"నీ కనుగుడ్లు అటూ ఇటూ కొట్టుకోవడం చూశాను," అన్నాడు డాక్టరు కోటు విప్పుతూ. "అది నటించేది కాదు. పింఛనుకి రాస్తున్నాను. ఇంక స్తంభాలెక్కడం కుదరదు, తెలుసుగా?"

తిరిగొచ్చేటప్పుడు బస్సులో ఉడత వెక్కివెక్కి ఏడ్చాడు.

"పని అయిందిగా, ఏడుపెందుకు?"

"నీకేం లేదు, పనిలోకి పో అంటాడేమోనని... ఎక్కడో ఆశ ఉండింది."

ఆమె అతని చేయి ఒళ్ళోకి తీసుకుంది.

మొదటి పింఛను వచ్చేదాకా సరుకులూ, ఆ తర్వాత కూడా మందులూ ఇస్తామన్నారు కేంద్రంవాళ్ళు. అయినా మర్నాడు వంటింటికీ వాకిలికీ మధ్య మళ్ళీ అదే తిరుగుడు. భార్య పళ్ళెంలో పప్పు పోసి చేతికిచ్చింది.

"రాళ్ళేరు."

"నేనా?"

"కూర్చుని చేసే పని ఏదో ఒకటి అలవాటవ్వాలిగా."

గొణుక్కుంటూనే గడప మీద కూర్చున్నాడు ఉడత. ఏరుతున్నంతసేపూ ఒక కాలు ఆడిస్తూనే ఉన్నాడు.