రాజవ్వ అడిగిన రెండో భాగం

1959. ఒకప్పుడు ఆదిలాబాద్‌ జిల్లాలో ఉన్న మా రాజురా తాలూకాను చాందా జిల్లాలో, అంటే ఇప్పటి మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో కలిపిన ఏడు. బజారులో ఉన్న వాచనాలయంలో నేను లైబ్రేరియన్‌ని. మరాఠీ, ఉర్దూ అలమరాల పక్కన తెలుగుది ఒక్కటే అలమరా. దాని ముందు కూర్చుని ఈగలు తోలుకుంటానని వచ్చినవాళ్లు నన్ను ఎగతాళి చేసేవారు.

కమిటీ అధ్యక్షుడు వకీల్‌ సాబ్‌ మరాఠీ ఆయన, న్యాయంగా మాట్లాడే మనిషి. "తెలుగు పుస్తకాలకు ఇష్యూలే లేవు కదయ్యా," అన్నాడు ఒకరోజు. ఇష్యూ అంటే పుస్తకాన్ని ఇంటికి ఇచ్చి పంపడం. "దసరా దాకా చూద్దాం. అప్పటికీ కదలకపోతే ఆదిలాబాద్‌ పంపేద్దాం. అక్కడైనా చదువుతారు."

ఇష్యూ రిజిస్టరు తిరగేశాను, ఆయన చెప్పింది నిజమే. బడులు మరాఠీలోకి మారుతున్నాయి. ఈ అలమరా కూడా పోతే తెలుగు పుస్తకం కంటబడే చోటు మాకు ఇంకేది?

చిక్కేమిటంటే, మా వైపు మగవాళ్లు నిజాం కాలంలో ఉర్దూ బడికి పోయినవాళ్లు. తెలుగు చదవడం వచ్చింది ఇంట్లో తల్లి దగ్గర అక్షరాలు దిద్దిన ఆడవాళ్లకు. వాళ్లేమో మా మెట్లెక్కరు, భర్తలను పంపుతారు. ఆ భర్తలు "ఆడోళ్లు చదివేది ఇయ్యి" అంటారు. ఆ మాటకు వ్రతకథలు, నీతి పుస్తకాలు ఇచ్చి పంపడం మా ఆనవాయితీ. తీసుకుపోయినవాడు మళ్లీ రాడు.

కిరాణా దుకాణం నర్సయ్య మాత్రం తిరిగొచ్చాడు, మొహం గంటు పెట్టుకుని.

"ఏంది పంతులూ, గిసోంటిది ఇచ్చినవ్‌? మా ఇంటామె రెండు పేజీలు చదివి మూలకు పడేసింది. నీతులు మా అత్త చెప్పుడు చాలదా అంటున్నది."

"మీ రాజవ్వకు ఏ ముచ్చట్లంటే ఇష్టం నర్సన్నా?"

"దొంగల ముచ్చట్లు. గవి పట్టుకుంటే అన్నం గూడ మర్శిపోతది."

వినోదపు సరుకని కమిటీవాళ్లు కింది అరలోకి తోయించిన డిటెక్టివ్‌ నవలలు, హాస్యకథలు ఉన్నాయి. దుమ్ము దులిపి ఒక నవల చేతిలో పెట్టాను. మర్నాడే నర్సయ్య మళ్లీ ప్రత్యక్షం.

"పంతులూ, నగలు కొట్టేసింది వంటాయనేనా? గదొక్కటి చెప్పు."

"ఇంట్లో అడగరాదా?"

"అడిగిన. రేపు చదువుత, అప్పుడు ఇను అంటున్నది. నాకు ఉర్దూ తప్ప రాదాయె. రాత్రి నిద్ర పట్టలే."

నాకు నవ్వాగలేదు. మధ్యాహ్నం బేరాలు పలచబడ్డాక రాజవ్వ దుకాణం వెనక గదిలో గట్టిగా చదువుతోందట. వాకిట్లో ఇరుగుపొరుగు ఆడవాళ్లు, గల్లా దగ్గర మగవాళ్లు చెవులు అప్పగించి కూర్చుంటున్నారట. వారం తిరిగేసరికి ఆ ఆడవాళ్ల భర్తలంతా నా ముందుకు వచ్చారు. ఒక్కొక్కరినీ అడిగాను: "మీ ఇంటామె దేనికి నవ్వుతది? దేనికి భయపడతది?" పెళ్లై ఇన్నేళ్లైనా ఆ సంగతి తెలియదని ఒకాయన ఇంటికి పోయి అడిగొచ్చాడు. ఎవరి రుచికి తగ్గది వారికి ఇచ్చాను. కింది అర ఖాళీ అయింది, తర్వాత పై అరల్లోని జానపద కథలు కూడా కదిలాయి.

దసరా వెళ్లింది. వకీల్‌ సాబ్‌ ఎడ్లబండితో సహా వచ్చి తెలుగు అలమరా తెరిచాడు. లోపల మిగిలినవి నీతి పుస్తకాలు మాత్రమే.

"పుస్తకాలేవయ్యా?"

"ఇష్యూలో ఉన్నాయి సాబ్‌," అన్నాను. ఆ మాట అనేటప్పుడు నా గొంతులో పొగరు నాకే వినబడింది. ఎందుకు దాచుకోవాలి?

అంతలో మెట్లమీద గాజుల చప్పుడు. రాజవ్వ చేతిలో ఒక నవలతో, కొంగు సర్దుకుంటూ లోపలికి వచ్చింది. మా వాచనాలయంలో అడుగుపెట్టిన మొదటి ఆడమనిషి ఆమే. వకీల్‌ సాబ్‌ వైపు చూడనైనా చూడలేదు.

"పంతులూ, దీని రెండో భాగం ఉన్నదా? ఆయనను పంపితె వేరేది తెస్తుండు, నేనే వచ్చిన."

"వేరేవాళ్లు తీసుకపోయారమ్మా."

"ఎవరు? ఇల్లు చెప్పు, నేనే పోయి తెచ్చుకుంట."

వకీల్‌ సాబ్‌ నా చేత ఆ మాటలు మరాఠీలో చెప్పించుకున్నాడు. అలమరా తలుపు తనే మూశాడు.

"బండిని పంపేయి. ఈ అమ్మకు రెండో భాగం ఇంకోటి తెప్పించు."

ఏం చదివితే బాగుపడతారో చెప్పేవాళ్లు ఊరినిండా ఉన్నారు. ఏం చదివితే సంతోషమో అడిగేవాడే లైబ్రేరియన్‌ అని ఆ రోజు తెలుసుకున్నాను. నేను రిటైరయ్యేదాకా ఆ అలమరా అక్కడే ఉంది. నీతి పుస్తకాలు కింది అరలోకి దిగాయి.