మిషను తొక్కని రోజు

పాలకొల్లు మార్కెట్ వెనక వీధిలో జాకెట్లు కుట్టే పెద్దింట్లమ్మకు యాభై ఆరేళ్లు. పదమూడో ఏట కాజాలు కుట్టడంతో పనిలో చేరింది. మిషను ముట్టుకోనివ్వడానికి గురువు నాలుగేళ్లు తీసుకున్నాడు. ఇప్పుడు ఊరి దర్జీల సంఘంలో ఆవిడ ఒక్కతే ఆడమనిషి.

ఫిబ్రవరి ఇరవై ఎనిమిది దర్జీల రోజు. కుట్టుమిషను కనిపెట్టినవాళ్లలో ఒకడైన ఎలియాస్ హోవే పేరు మీద ఆవేళ సంఘంవాళ్లు కొట్లు మూస్తారు. మిషన్లు తుడిచి, నూనె వేసి, పసుపు కుంకుమ పెడతారు. ఆ రోజు ఎవరూ మిషను తొక్కరు. ఊళ్లో ఈ సంగతి జాకెట్టు ఆలస్యమైనవాళ్లకు తప్ప ఎవరికీ తెలియదు.

అది పెద్దింట్లమ్మకు నచ్చేది కాదు. ఈ ఏడు జనవరిలోనే హైస్కూలు హెడ్మాస్టరు మణిశంకర్ దగ్గరికి వెళ్లింది.

"ఆ రోజు పిల్లల ముందు పది నిమిషాలు ఇప్పించండి మాస్టారూ. కుట్టుమిషను ఒక మనిషి బుర్ర బద్దలుకొట్టుకుని చేసిందని వాళ్లకి తెలియాలండి."

"ఆ రోజు మాకు సైన్స్ డే అమ్మా. అయినా అది ఆయనొక్కడే చేశాడేంటి? నలుగురైదుగురు చేశారు. రేపు సైకిలు షాపువాళ్లు, ఎల్లుండి మిక్సీ రిపేరువాళ్లు వచ్చి మాకూ ఓ రోజు కావాలంటే, పాఠాలు ఎప్పుడు చెప్పించాలి?"

"వాళ్లకీ పది నిమిషాలు ఇవ్వండి. అదీ పాఠమే కదండీ."

ఆయన నవ్వాడు. "సరే. పిల్లలు శ్రద్ధగా విన్నారా, ఏటా జరిపే రోజుల పట్టికలో రాస్తాను. వినలేదో, మళ్లీ నన్ను అడగకూడదు."

ఆ రోజు సంఘం కార్యదర్శి బుజ్జిబాబు ఆవిడ మిషన్ను ఆటోలో బడికి వేసుకొచ్చాడు. దానికి బంతిపూల దండ వేశారు. అతను రాసిచ్చిన మూడు కాగితాల ఉపన్యాసం పెద్దింట్లమ్మ చదవసాగింది. రెండో కాగితానికే వెనక వరసల్లో గుసగుసలు మొదలయ్యాయి. మణిశంకర్ వాచీ చూసుకున్నాడు.

తొమ్మిదో తరగతి కౌముది లేచి నిలబడింది. "అది కుడుతుందా అండీ, ఊరికే పెట్టారా?"

అందరూ నవ్వారు.

"ఈవేళ తొక్కకూడదమ్మా. మా ఆచారం," అన్నాడు బుజ్జిబాబు.

"మరి ఏం చూడమంటారండీ?"

పెద్దింట్లమ్మ కాగితాలు మడిచింది. మిషను మీది దండ తీసి పక్కన పెట్టింది.

"వద్దక్కా," బుజ్జిబాబు గొంతు తగ్గించాడు. "పదిహేనేళ్లుగా ఎవరం తొక్కలేదు."

"పదిహేనేళ్లుగా ఎవరికీ తెలియనూ లేదు తమ్ముడూ."

ఆవిడ కౌముది చేతిలో ఒక చేతిసూది, ఒక మిషను సూది పెట్టింది. "బెజ్జం ఎక్కడుందో చెప్పు."

"దీనికి పైన. దీనికి..." కౌముది కళ్లకు దగ్గరగా పెట్టుకుంది. "మొన దగ్గరుందండీ!"

"ఎందుకూ?"

ఎవరికీ తెలియలేదు. పెద్దింట్లమ్మ రెండు పాప్లిన్ ముక్కలు సూది కింద పెట్టి, చక్రాన్ని చేత్తో మెల్లగా తిప్పింది. దారంతో సహా మొన గుడ్డలోంచి దిగింది. కింద ఆ దారం చిన్న ఉచ్చులా విచ్చుకుంది. అడుగున బాబిన్ చుట్టలోని రెండో దారం ఆ ఉచ్చులోంచి దూరింది. వరసలు చెదిరి పిల్లలు మిషను చుట్టూ మూగారు. సైన్సు మాస్టారు మోకాళ్ల మీద కూర్చుని కిందినుంచి చూశాడు. అప్పుడు ఆవిడ తొక్కింది. ఆ రెండు ముక్కలూ ఒకటయ్యాయి.

"ఆయనకి ఎలా తట్టిందండీ?" అన్నాడో పిల్లాడు.

"నాకు తెలీదు నాన్నా. ముందు చేతిసూది లాగే చేసి, కుదరక విసిగిపోయుంటాడు."

గంట మోగింది. ఎవరూ కదల్లేదు.

తరవాత మణిశంకర్ తన గది గోడమీది పట్టికలో సైన్స్ డే కింద స్వయంగా రాశాడు: దర్జీల రోజు, పది నిమిషాలు.

"నలభై అయిందండీ," అంది పెద్దింట్లమ్మ.

"పదే రాస్తాను. మీరు ఎలాగూ ఆపరు."

తిరుగు ఆటోలో బుజ్జిబాబు దండను మళ్లీ మిషనుకు వేశాడు.

"సంఘంలో ఏం చెప్పమంటావక్కా?"

"అక్క తొక్కిందని చెప్పు. వచ్చే ఏడు నువ్వు తొక్కుదువుగాని."

"ఆ బాబిన్ సంగతి నాకు అంత బాగా చెప్పడం రాదక్కా."

"ఏడాది ఉందిగా," అంది పెద్దింట్లమ్మ.